చీకటి నేలకు నీడలు గీసిన మేరీ థార్ప్

పటాల కథ: 17వ భాగం

సూర్యకాంతి సముద్రంలో రెండు వందల మీటర్లు దిగేసరికే మసకబారుతుంది. వెయ్యి మీటర్లు దాటితే ఇక చీకటే. సముద్రాల సగటు లోతు దాదాపు 3,700 మీటర్లు. అంటే అక్కడి కొండల మీద ఏనాడూ పొద్దు పొడవలేదు, ఏ లోయలోనూ సాయంత్రపు నీడ సాగలేదు. అయినా ఇవాళ ఏ సముద్రగర్భ పటం తెరిచినా ప్రతి కొండకూ ఒక పక్క వెలుగు, మరో పక్క నీడ కనిపిస్తాయి. ఎవరో కూర్చుని వేసిన నీడలవి. అలా లేని పొద్దును ఊహించి గీస్తూ ఉండగానే భూమి గురించి మనకు తెలిసిన అతి పెద్ద నిజాల్లో ఒకటి కాగితం మీద తేలింది.

గత భాగంలో గుండు కట్టిన తాళ్ల దగ్గర ఆగాం. మన జాలర్లు లోతును బారల్లో చెబుతారు. రెండు చేతులూ చాచి తాడు కొలిస్తే ఒక బార. ఇంగ్లీషు నావికుల కొలతా అదే, ఆరడుగులు. 1872 నుంచి 1876 దాకా ప్రపంచ సముద్రాలు తిరిగిన చాలెంజర్ ఓడ వాళ్లు నడిసముద్రంలో ఒక్కసారి తాడు దింపి పైకి లాగాలంటే గంటలు పట్టేది. మూడున్నరేళ్ల యాత్రలో వాళ్లు అలా లోతు తీసిన చోట్లు ఐదు వందల్లోపే. భూమిలో నూటికి డెబ్బై వంతులున్న నీళ్ల కింద ఏముందో చెప్పడానికి ఐదు వందల చుక్కలు!

మొదటి ప్రపంచ యుద్ధం తర్వాత తాడు పోయి శబ్దం వచ్చింది. ఓడ అడుగు నుంచి ఒక చప్పుడు పంపుతారు. అది నేలను తాకి తిరిగొచ్చేదాకా కాలం లెక్కపెడతారు. నీటిలో శబ్దం సెకనుకు సుమారు 1,500 మీటర్లు పోతుంది. ప్రతిధ్వని నాలుగు సెకన్లకు వినిపిస్తే రానూపోనూ ఆరు వేల మీటర్లు, కాబట్టి లోతు మూడు వేలు. 1925–27లో మీటియర్ అనే జర్మన్ ఓడ దక్షిణ అట్లాంటిక్‌ను అటూ ఇటూ దాటుతూ ఈ పద్ధతిలో వేల వేల లోతులు తీసింది. సముద్రం నడుమ ఉందనుకున్న గట్టు నున్నని మెట్ట కాదని, గరుకు కొండల వరస అని అప్పుడే తేలింది. రెండో ప్రపంచ యుద్ధం నాటికి ప్రతిధ్వని యంత్రాలు ఎన్నో ఓడల్లోకి చేరాయి. అంకెలు గుట్టలుగా పోగుపడ్డాయి.

కానీ అంకెల వరస కొండ ఎలా అవుతుంది? ఓడ ఒక గీత వెంట పోతుంది. ఆ గీత కింద లోతు తెలుస్తుంది. పక్క గీతకు వందల కిలోమీటర్ల ఎడం. ఆ నడుమ ఉన్న నేల ఎవరికీ తెలియదు. రాత్రి పూట రైలు కిటికీలోంచి పట్టాల పక్కన పడే వెలుతురును మాత్రమే చూసుకుంటూ ప్రయాణించిన మనిషిని దేశం మొత్తం బొమ్మ గీయమంటే ఎలా ఉంటుందో, ఆ పని అలాంటిది.

ఆ పనికి కూర్చున్న మనిషి పేరు మేరీ థార్ప్. 1920లో అమెరికాలోని మిషిగన్ రాష్ట్రంలో పుట్టింది. తండ్రి వ్యవసాయ శాఖలో నేలల సర్వే చేసి పటాలు గీసే ఉద్యోగి. ఆయన బదిలీల వెంట ఊళ్లు మారుతూ, బళ్లు మారుతూ పెరిగింది. పటం అంటే ఏమిటో ఆమెకు పుస్తకాల్లో తెలియలేదు, తండ్రి వెంట పొలాల్లో తిరుగుతూ తెలిసింది. మగవాళ్లంతా యుద్ధానికి పోయి మిషిగన్ విశ్వవిద్యాలయంలో భూగర్భశాస్త్ర తరగతులు ఖాళీ అయినప్పుడు ఆడపిల్లలకు తలుపులు తెరిచారు. ఆ తలుపులోంచి లోపలికి వెళ్లింది. 1944లో ఆ పట్టా, తర్వాత ఓక్లహోమాలో ఒక చమురు కంపెనీ ఉద్యోగం, అక్కడే గణితంలో మరో పట్టా. 1948లో న్యూయార్క్‌లో కొలంబియా విశ్వవిద్యాలయానికి చెందిన మారిస్ ఎవింగ్ బృందంలో చేరింది. ఆ బృందమే తర్వాత లామాంట్ పరిశోధనాలయంగా స్థిరపడింది. అక్కడే బ్రూస్ హీజెన్ అనే కుర్ర పరిశోధకుడు ఆమెకు తోడయ్యాడు. ఆయన ఓడల్లో వెళ్లి లోతులు తెచ్చేవాడు, ఆమె బల్ల దగ్గర వాటిని పటం చేసేది. ఆడవాళ్లను ఓడ ఎక్కనివ్వని కాలం అది. తాను గీస్తున్న సముద్రం మీదికి పరిశోధక ఓడలో వెళ్లడానికి ఆమె 1960ల రెండో సగం దాకా ఆగాల్సి వచ్చింది. ఇరవై ఏళ్లపాటు సముద్రాన్ని ఒడ్డున కూర్చునే గీసింది.

1952లో ఆమె ముందు ఉత్తర అట్లాంటిక్‌ను పడమటి నుంచి తూర్పుకు దాటిన ఓడల లోతులు ఉన్నాయి. వాటిని కూర్చి ఆరు అడ్డకోతలు గీసింది. అడ్డకోత అంటే సముద్రాన్ని కత్తితో కోసి పక్క నుంచి చూసినట్టు ఉండే గీత. దూరాలు వేల కిలోమీటర్లు, ఎత్తుపల్లాలు రెండు మూడు కిలోమీటర్లు. ఉన్న కొలతల్లోనే గీస్తే అంతా చదునైన గీతే మిగులుతుంది. అందుకని ఎత్తును పదుల రెట్లు పెంచి గీస్తారు. ఆరు గీతలనూ ఒకదాని కింద ఒకటి పేర్చి చూసింది. నడిసముద్రపు కొండల శిఖరాలు ఒకదానితో ఒకటి కలవలేదు. ఒక కోతలో ఉన్న కొండ పక్క కోతలో లేదు. అయితే ఒకటి మాత్రం కలిసింది. కొండల వరస నడినెత్తిన ఒక నొక్కు ఉంది. పైనున్న మూడు కోతల్లో మరీ స్పష్టంగా ఉంది. కొండ కొండకూ మారుతోంది, ఆ నొక్కు మాత్రం వదలకుండా వస్తోంది.

కొండల వరస నడుమ నిలువునా చీలిక ఉందంటే అక్కడ నేల రెండుగా విడిపోతోందని అర్థం. ఆ మాట అంటే ఖండాలు కదులుతున్నాయని ఒప్పుకున్నట్టే. 1950ల అమెరికాలో ఖండాలు కదులుతాయన్న శాస్త్రవేత్తను తోటివాళ్లు దూరం పెట్టేవారు. హీజెన్ ఆమె మాటను ఆడవాళ్ల కబురుగా కొట్టిపారేశాడు. థార్ప్ వాదనకు దిగలేదు, తన గీతలనూ చెరిపేయలేదు. పని సాగించింది.

తర్వాత జరిగింది నాకు ఈ చరిత్ర మొత్తంలో అన్నిటికన్నా ఇష్టమైన ఘట్టం. అదే గదిలో పక్క బల్ల దగ్గర హోవార్డ్ ఫాస్టర్ అనే యువకుడు పని చేసేవాడు. బాస్టన్‌లో చిత్రకళ చదివినవాడు. చెవులు వినిపించవు. బెల్ టెలిఫోన్ ప్రయోగశాల సముద్రం అడుగున తీగలు వేయబోతూ, ఎక్కడ వేస్తే తెగకుండా ఉంటాయని లామాంట్‌ను అడిగింది. 1929లో కెనడా తూర్పు తీరానికి అవతల గ్రాండ్ బ్యాంక్స్ దగ్గర భూకంపం వచ్చినప్పుడు అట్లాంటిక్ టెలిగ్రాఫు తీగలు వరసగా తెగిపోయిన అనుభవం ఉంది మరి. అందుకని భూకంపాలు పుట్టిన చోట్లను ఒక్కొక్కటిగా చుక్కలు పెడుతూ పోయే పని ఫాస్టర్‌ది. ఆయన పటమూ, థార్ప్ పటమూ ఒకే కొలమానంలో ఉండాలని హీజెన్ ముందే చెప్పి ఉంచాడు. రెండు కాగితాలనూ కింద దీపం ఉన్న గాజుబల్ల మీద ఒకదానిపై ఒకటి పరిచారు. నడిసముద్రపు భూకంపాల చుక్కలన్నీ ఆమె గీసిన చీలికలోనే వరస కట్టాయి. చూడలేని లోయ, వినలేని మనిషి పెట్టిన చుక్కలు ఒకే చోట కలిశాయి. హీజెన్ నమ్మడానికి దాదాపు ఏడాది పట్టింది. నమ్మాక మాత్రం వెనక్కి పోలేదు. లోతులు దొరకని సముద్రాల్లో కూడా భూకంపాల చుక్కలను పట్టుకుని పోతే కొండల వరస ఎటు సాగుతుందో చెప్పొచ్చని ఇద్దరికీ అర్థమైంది. అలా పోగా పోగా ఆ వరస అట్లాంటిక్‌లో ఆగకుండా ఆఫ్రికా దక్షిణ కొసను చుట్టి హిందూ మహాసముద్రంలోకి, అక్కడి నుంచి పసిఫిక్‌లోకి సాగింది. మొత్తం దాదాపు 65,000 కిలోమీటర్లు. భూమి మీద ఇంతకన్నా పొడవైన కొండల వరస లేదు.

1956లో ఈ సంగతి లోకానికి చెప్పిన పత్రం మీద ఎవింగ్, హీజెన్‌ల పేర్లు ఉన్నాయి. మేరీ థార్ప్ పేరు లేదు. చీలికను మొదట చూసిన కళ్లు ఎవరివో ఆ పత్రం చదివినవాళ్లకు తెలిసే దారి లేకపోయింది. ఇది చిన్న తప్పు కాదు, దీన్ని కాలధర్మం అని సర్దుకోవడం నాకు చేతకాదు.

ఇప్పుడు నీడల సంగతి. లోతులు చూపించడానికి శాస్త్రవేత్తలు సాధారణంగా వాడేది కాంటూరు గీతలు, అంటే ఒకే లోతున్న చోట్లను కలుపుతూ పోయే గీతలు. థార్ప్ కూడా అలాగే గీసి ఉండేదేమో. కానీ అది ప్రచ్ఛన్న యుద్ధ కాలం. జలాంతర్గాములు తిరిగే చోట్ల కచ్చితమైన లోతులు శత్రువుకు తెలియకూడదని అమెరికా నౌకాదళం అలాంటి పటాలను రహస్యం చేసింది. 1960ల మొదటి దాకా వాటిని ప్రచురించే వీలు లేదు. మరి కొలతలు చెప్పకుండా నేల రూపం చూపించడం ఎలా?

దానికి కొలంబియాలోనే ఒక దారి ఉంది. ఆర్మిన్ లోబెక్ అనే భౌగోళిక శాస్త్రవేత్త అక్కడ నేల రూపాలను బొమ్మగా గీసే పద్ధతిని పెంచి పోషించాడు. విమానంలోంచి ఏటవాలుగా చూస్తున్నట్టు కొండలు, లోయలు, మైదానాలు సన్నని కలం గీతలతో గీస్తారు. కొండకు ఒక వాలు మీద గీతలు దట్టంగా వేసి నల్లబరుస్తారు, మరో వాలును తెల్లగా వదిలేస్తారు. అంతే, కాగితం మీద కొండ లేచి నిలబడుతుంది. చూసినవాడికి రూపం తెలుస్తుంది, ఏ చోట ఎంత లోతో మాత్రం తెలియదు. నౌకాదళానికి అభ్యంతరం లేదు. ఉత్తర అట్లాంటిక్ నైసర్గిక చిత్రపటం 1957లో అచ్చయింది.

ఆ నిషేధం లేకపోతే కాంటూరు పటమే వచ్చేది, దాన్ని చదవగలిగిన కొద్దిమంది మధ్యే ఉండిపోయేది అని నా నమ్మకం. బొమ్మ అలా కాదు. పదేళ్ల పిల్లవాడికి చూపించినా సముద్రం కింద ఇన్ని కొండలా అంటాడు. పైగా బొమ్మ గీయాలంటే ప్రతి అంగుళానికీ రూపం ఇవ్వాలి. ఈ మైదానం ఎక్కడ ఆగుతుంది, ఈ గరుకు ఎక్కడ మొదలవుతుంది, ఈ కొండ అగ్నిపర్వతమా, విరిగిన పలకా అని కలం ఆగిన ప్రతిచోటా ప్రశ్న. అంకెల పట్టిక అలాంటి ప్రశ్నలు అడగదు.

ఆమె పని చేసిన తీరు ఇలా ఉంటుంది. ముందు ఓడ దారి వెంట అడ్డకోత గీస్తుంది. ఆ కోతలో ఉన్న ఎత్తుపల్లాలను దారి వెంట పటం మీదికి ఎక్కించి, ఆ గీతకు అటూ ఇటూ ఉన్న నేలను బొమ్మగా గీస్తుంది. అలా ప్రతి ఓడ దారీ ఒక సన్నని కొండల పట్టీ అవుతుంది. తర్వాత పట్టీకీ పట్టీకీ నడుమ ఉన్న తెల్లని చోటును నింపాలి. నొక్కు ఇక్కడ ఉంది, అక్కడా ఉంది, కాబట్టి నడుమా ఉంటుంది. ఇక్కడి కొండలు వరసకు సమాంతరంగా సాగుతున్నాయి, కాబట్టి అక్కడా అలాగే సాగాలి. అసలేమీ తెలియని చోట ఏం చేయాలి? 1957 పటంలో అలాంటి ఒక పెద్ద ఖాళీ మీద గుర్తుల వివరణ పెట్టెను వేసి కప్పేశారు. అక్కడ పాత పటాల్లోలాగా మత్స్యకన్యలనూ, మునిగిన ఓడలనూ గీద్దామని థార్ప్‌కు ఉండేదట. హీజెన్ ఒప్పుకోలేదు.

ఇందులో ఒక చిక్కుంది. ఓడ కొలిచిన వాలుకూ, ఆమె ఊహించిన వాలుకూ ఒకే సిరా, ఒకే నీడ. చూసేవాడికి తేడా తెలియదు. విమర్శకులు ఈ మాట గట్టిగానే అన్నారు, అందులో న్యాయం ఉంది. అయితే ఆమె ఊహలకు ఒక క్రమం ఉంది, అందువల్లే వాటిని పరీక్షించడం కుదిరింది. ఫ్రెంచి సముద్ర అన్వేషకుడు జాక్ కూస్టో ఆ చీలికను నమ్మలేదు. నమ్మకపోయినా తన కాలిప్సో ఓడలో ఆ పటాన్ని గోడకు తగిలించుకున్నాడు, అట్లాంటిక్ దాటేటప్పుడు కెమెరాను నీటి అడుగుకు దింపి లాక్కుంటూ వెళ్లాడు. పటంలో లోయ ఉన్న చోట నిజంగానే లోయ ఉంది, రెండు పక్కలా నల్లని రాతి గోడలు. 1959లో న్యూయార్క్‌లో జరిగిన తొలి అంతర్జాతీయ సముద్రశాస్త్ర మహాసభలో ఆ చలనచిత్రం చూపించాడు. చీకటి లోయ మీద మొదటిసారి దీపం వెలుతురు పడింది, అది థార్ప్ గీసిన చోటే పడింది.

నీడ ఏ వైపు వేయాలన్నది చిన్న ప్రశ్నలా కనిపిస్తుంది. వెలుగు ఎప్పుడూ పైనుంచి వస్తుందని మన కళ్లు పుట్టుక నుంచీ నమ్ముతాయి. చంద్రుడి మీది గోతుల ఫోటోను తలకిందులుగా తిప్పి చూడండి, గోతులు బుడిపెలవుతాయి. పటంలో వెలుగు కింది నుంచి పెడితే కొండలన్నీ లోయల్లా, లోయలన్నీ గట్లలా కనిపించి తల తిరుగుతుంది. అందుకే పటాలు గీసేవాళ్లు దీపాన్ని పై ఎడమ మూలన, అంటే వాయవ్యంలో పెడతారు. కుడిచేత్తో రాసేవాళ్లు బల్ల దీపాన్ని పెట్టుకునే వైపు అదే. ఏడాదిలో చాలా నెలలు దక్షిణానికి వాలి నడిచే మన మధ్యాహ్నపు సూర్యుడు పటంలో ఎక్కడా లేడు! ఇప్పుడు ఈ పని కంప్యూటర్ చేస్తోంది. నేలను చిన్న చిన్న గళ్లుగా కోసి, ఒక్కో గడి ఎంత వాలి ఉంది, ఎటు తిరిగి ఉంది అని లెక్కగట్టి, వెలుగు దిక్కుతో అది చేసే కోణాన్ని బట్టి తెలుపో నలుపో వేస్తుంది. అందులోనూ మనం వేరుగా చెప్పకపోతే దీపం ఉత్తరం నుంచి సవ్యంగా 315 డిగ్రీల దగ్గరే, అంటే అదే వాయవ్య మూలన, 45 డిగ్రీల ఎత్తున ఉంటుంది. యంత్రం మారింది, దీపం చోటు మారలేదు.

నలుపు తెలుపుల నుంచి రంగుల్లోకి వచ్చిన కథ హిందూ మహాసముద్రంతోనే మొదలైంది. 1959 నుంచి 1965 దాకా ఎన్నో దేశాల ఓడలు కలిసి హిందూ మహాసముద్రంలో పరిశోధన యాత్ర జరిపాయి. అప్పటిదాకా ఇంత తక్కువ తెలిసిన మహాసముద్రం మరొకటి లేదు. ఆ కొలతలు చేర్చుకుని 1964లో థార్ప్, హీజెన్ దాని చిత్రపటం గీశారు. దాన్ని రంగుల్లో వేయాలని నేషనల్ జియోగ్రాఫిక్ పత్రిక అనుకున్నప్పుడు చిత్రకారుడిగా హైన్రిక్ బెరాన్‌ను ఎంచుకుంది. ఆయన ఆస్ట్రియావాడు. ఆల్ప్స్ పర్వతాల విహంగ దృశ్యాలు వేయడంలో పేరున్నవాడు. మీ పటాల కన్నా మా నాన్న బాగా వేస్తాడని ఆ పత్రికకు ఆయన కూతురు ఉత్తరం రాసిందని థార్ప్ తర్వాత చెప్పింది. థార్ప్, హీజెన్ ఆస్ట్రియాకు వెళ్లి ఆయన పక్కనే కూర్చుని కొండ కొండా సరిచూసేవారు. జీవితమంతా మంచు కొండల మీద పొద్దు వాలడం చూసిన కుంచె అది. ఆ కుంచె నీళ్ల కింద నేల మీద కూడా అదే వెలుగును వాలనిచ్చింది. 1967లో హిందూ మహాసముద్రం, తర్వాత రెండేళ్లలో అట్లాంటిక్, పసిఫిక్ అచ్చయ్యాయి.

ఆ 1967 పటం ముందు కూర్చుంటే నాకు సమయం తెలియదు. మా బడి గోడ మీది పటంలో సముద్రమంతా ఒకే నీలం. ఇందులో నీలం కింద నుంచి ఊళ్లు లేచినట్టు కొండలు లేస్తాయి. రోడ్రిగ్స్ దీవికి ఆగ్నేయంగా మూడు కొండల వరసలు కలిసి తలకిందులైన ఇంగ్లీషు వై అక్షరంలా విడిపోతాయి. తొంభై డిగ్రీల తూర్పు రేఖ వెంట, గట్టు వేసినట్టు, దాదాపు ఐదు వేల కిలోమీటర్లు నిటారుగా సాగే మరో వరస ఉంది. దానికి ఆ రేఖ పేరే పెట్టారు. ఇక మన బంగాళాఖాతంలో కొండలు దాదాపు కనిపించవు, నున్నని వాలు. గంగ, బ్రహ్మపుత్ర హిమాలయాన్ని అరగదీసి తెచ్చిన ఒండ్రు కింది గరుకునంతా పూడ్చేసింది. దాదాపు మూడు వేల కిలోమీటర్ల పొడవున పరుచుకున్న ఆ ఒండ్రు విసనకర్ర భూమి మీద అలాంటి వాటిలో అతి పెద్దది. బొమ్మలో నీడ లేకపోవడం కూడా ఒక కబురే.

మన తీరం దగ్గర మాత్రం నీడలు మళ్లీ మొదలవుతాయి. యూజీన్ లాఫాండ్ అనే అమెరికన్ సముద్రశాస్త్రవేత్త 1950లలో వాల్తేరు వచ్చి ఆంధ్ర విశ్వవిద్యాలయంలో సముద్ర పరిశోధనకు ఊతమిచ్చాడు. 1964లో ఆయన ప్రచురించిన ఒక వ్యాసం, తూర్పు తీరం వాలును కోసుకుంటూ దిగిన మూడు నీటి అడుగు లోయలను ఆంధ్ర, మహదేవన్, కృష్ణ అనే పేర్లతో వర్ణించింది. మహదేవన్ ఆ విశ్వవిద్యాలయంలో భూగర్భశాస్త్ర శాఖను నిలబెట్టిన ఆచార్యుడు. ఒక మహాసముద్రాన్ని ఒక్క కాగితం మీదికి దించిన పటంలో ఇలాంటి లోయకు గీతంత చోటు దొరకడమూ కష్టమే. కానీ విశాఖ బీచ్‌లో నిలబడి తూర్పుకు చూసినప్పుడు, కొద్ది పదుల కిలోమీటర్ల అవతల నేల అలా లోయలుగా దిగిపోతోందని, అందులో ఒకదానికి మన పేరు ఉందని తెలిసి చూడటం వేరు.

చివరి పెద్ద పని ప్రపంచం మొత్తానికి ఒకే పటం. ఎవింగ్‌కూ హీజెన్‌కూ చెడిన రోజుల్లో థార్ప్ లామాంట్‌లో చోటు పోగొట్టుకుంది. హడ్సన్ నది ఒడ్డున న్యాక్‌లోని తన ఇంట్లోనే బల్లలు వేసుకుని పని సాగించింది. ఒకప్పుడు లోతులను రహస్యం చేసిన నౌకాదళమే ఈసారి డబ్బు ఇచ్చింది. బొమ్మ మళ్లీ బెరాన్‌దే. 1977 నాటికి అచ్చు దశకు వచ్చింది. ఆ జూన్ 21న హీజెన్ ఐస్‌లాండ్ దగ్గర ఒక చిన్న పరిశోధక జలాంతర్గామిలో నీటి అడుగుకు వెళ్లాడు, అక్కడే గుండెపోటుతో చనిపోయాడు. వయసు 53. ఆ సమయంలో థార్ప్ అదే సముద్రం మీద మరో ఓడలో ఉంది. ఇద్దరూ పాతికేళ్లుగా గీస్తున్న నడిసముద్రపు కొండల వరస పైనే ఆయన ప్రాణం పోయింది. ఆమె తిరిగొచ్చి, మిగిలిన దిద్దుబాట్లు చూసుకుని పటాన్ని అచ్చుకు పంపింది. ఇవాళ్టికీ ఎన్నో భూగర్భశాస్త్ర శాఖల గోడల మీద కనిపించే నీలి పటం అదే. 1997లో అమెరికా కాంగ్రెస్ గ్రంథాలయం ఆమెను ఇరవయ్యో శతాబ్దపు నలుగురు గొప్ప పటకర్తల్లో ఒకరిగా పేర్కొంది. 2006లో ఆమె కన్నుమూసింది.

ఆ పటం అచ్చు తడి ఆరుతున్న 1978లో, జూన్ నెలాఖరున, కాలిఫోర్నియా నుంచి సీశాట్ అనే ఉపగ్రహం పైకి వెళ్లింది. అది సముద్రం అడుగును చూడలేదు. సముద్రపు పైముఖాన్ని మాత్రమే కొలిచింది. కింద రెండు వేల మీటర్ల కొండ ఉంటే దాని ఆకర్షణకు పైన నీరు సుమారు రెండు మీటర్లు ఉబ్బుతుంది. ఆ ఉబ్బును చదివి కింద ఉన్న కొండను ఎలా గీశారో వచ్చే భాగంలో.